చొల్లంగి నుంచి అంతర్వేది దాకా: పోటుకీ పాటుకీ మధ్య ఆరు రోజులు

మా అమ్మమ్మకి సప్తసాగర యాత్ర చేయాలని ఉండేది. గోదావరి ధవళేశ్వరం దాటాక ఏడు పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుందని పెద్దల మాట. తుల్యభాగ, ఆత్రేయ, గౌతమి, వృద్ధగౌతమి, భరద్వాజ, కౌశిక, వశిష్ఠ. పాయలకి ఋషుల పేర్లు. పుష్య అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో సంగమంలో మునుగుతూ, మాఘమాసంలో భీష్మ ఏకాదశికి వశిష్ఠ కలిసే అంతర్వేది చేరుకోవాలి. మడ అడవుల్లోంచి పడవల మీద వెళ్ళాల్సిన దారి అది. ఏటేటా "వచ్చే ఏడు" అంటూనే అమ్మమ్మ వెళ్ళిపోయింది.

ఈసారి సంక్రాంతికి మావయ్యగారి ఊరు ముక్కామల వెళ్తుంటే అమ్మ బస్సులో అడిగింది, "మొదలూ చివరా రెండూ చూపిస్తావా? మధ్యలోవి మనసులో అనుకుంటాను" అని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాకు వారం సెలవు ఉంది. కనుమ తర్వాత రెండు రోజులకే అమావాస్య పడింది. సరే అన్నాను.

మొదటి రోజు: జగ్గన్నతోట

కనుమనాడు కోనసీమలో ఎవరూ ఇంట్లో ఉండరు. అంబాజీపేట దగ్గర మొసలపల్లి పక్కన జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. అందులో గుడి లేదు. ఆ ఒక్కరోజు మాత్రం చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు అక్కడికొచ్చి కొలువుతీరతారు. ఏకాదశ రుద్రులు ఏడాదికోసారి కలుసుకుని లోకక్షేమం గురించి మాట్లాడుకుంటారని నమ్మకం. ముక్కామల కూడా ఆ పదకొండులో ఒకటి కాబట్టి మావయ్యకి ఆరోజు ఒళ్ళు తెలియదు.

ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, బంతిపూలు, వరికంకులు, నెమలి ఈకలతో అలంకరించిన ఎత్తైన చట్రం. మధ్యలో స్వామి ఉంటాడు. మేడంత ప్రభని మనుషులే భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు నుంచి, గంగలకుర్రు అగ్రహారం నుంచి వచ్చే ప్రభలు కౌశికలో దిగి నీళ్ళలోంచే అవతలికి రావాలి. మేం గట్టు మీద నిలబడ్డాం. మోసేవాళ్ళు మెడలోతు నీళ్ళలోకి దిగారు. "అశ్శరభ! శరభ!" అన్న అరుపుతో ప్రభ ఒక్కసారి పక్కకి ఒరిగింది. గట్టు మీద జనమంతా ఊపిరి బిగబట్టారు. మళ్ళీ నిలబడింది. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజుల ముద్ర పడింది.

కాలవ దాటాక ప్రభలు పొలాలకి అడ్డంగా వస్తాయి. అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట వరి, ఊడ్పులు అయిపోయి చేలు పచ్చగా నిలబడుతుంటాయి. వందల కాళ్ళు ఆ నాట్లని తొక్కుకుంటూ పోతాయి. ఏ రైతూ వద్దనడు, తన చేలోంచి ప్రభ వెళ్ళిందంటే ఆ ఏడు పంట బాగుంటుందంటాడు. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా ఈ ప్రభల తీర్థాన్నే చూపించారు. టీవీలో చూసినప్పుడు అందంగానే అనిపించింది కానీ, ఆ తొక్కుడుపడిన నాట్లు, బురద కాళ్ళు, నీళ్ళలోంచి వచ్చిన మనుషుల ఒంటి మీద లేచే ఆవిరి టీవీలో కనపడవు.

సాయంత్రం తీర్థంలో అమ్మ జీళ్ళు, ఖర్జూరం కొంది. తీర్థానికెళ్ళి ఖర్జూరం కొనకుండా వస్తే వెళ్ళినట్టు కాదట.

రెండో రోజు: కొబ్బరి అటక, ఉప్పాడ సముద్రం

పొద్దున్నే మావయ్య అంబాజీపేట తీసుకెళ్ళి పొట్టిక్కలు పెట్టించాడు. పనసాకులు నాలుగింటిని ఈనెపుల్లలతో కుట్టి చిన్న బుట్టలా చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. ఆకు విప్పితే ఇడ్లీ మీద పనసాకు ఈనెలు అచ్చుపడి ఉంటాయి. వాసన ఆకుదీ, రుచి మినపపిండిదీ. నేను నాలుగు తిన్నాను.

ఇంటికొచ్చాక మావయ్య అటక మీద కురిడీ చూపించాడు. నిండు ముదురు కాయల్ని అటక మీద పోసి నెలల తరబడి కదపకుండా ఉంచితే లోపల నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి గుండులా చిప్పని వదిలేస్తుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గుండు తగిలి టకటకమంటుంది. అంబాజీపేట మార్కెట్‌లో గండేరా, గటగట అని రకాలు కట్టి వెయ్యికాయల లెక్కన ధర పలుకుతారు. ధర పడిపోతే ఏడాది ఎదురుచూపు అటక మీదే ఉండిపోతుంది. ఇప్పుడు దింపు తీయడానికి మనుషులు దొరకడం కూడా కష్టంగా ఉందన్నాడు మావయ్య. నలభై అడుగుల చెట్టెక్కే పని ఎవరి పిల్లలకి వద్దనిపించదు చెప్పండి.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి అడిగాను. "పొద్దున్న చూస్తే తోటంతా ఒకే దిక్కుకి పడుకుని ఉంది అల్లుడూ. ఏ చెట్టుకా చెట్టు విరిగినట్టు లేదు, ఎవరో దువ్వినట్టు ఉంది" అన్నాడు. దేశవాళీ కొబ్బరి నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అప్పుడు నాటిన చెట్లే ఇప్పుడు మావయ్య ఇంటి చుట్టూ ఉన్నవి. వాటి వయసు మావయ్య కూతురి వయసూ ఒకటే.

మధ్యాహ్నం బయల్దేరి ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ, అక్కణ్ణుంచి ఉప్పాడ. అమ్మకి జాందానీ నేత చూడాలని ఉంది. మగ్గం దగ్గర ఇద్దరు కూర్చుని నేస్తున్నారు. పువ్వు దగ్గరికి రాగానే వేళ్ళతో చిన్న చిన్న కండెలు పెట్టి పోగు తర్వాత పోగు అల్లుతున్నారు. అమ్మ చీర తిప్పి చూసింది. అవతలి వైపు కూడా అదే పువ్వు. ఒక్క దారం కూడా వెనక తేలలేదు. 2009లో ఈ చీరకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని ఎక్కువున్న చీరైతే నెలలు పడుతుందట.

అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే సముద్రం. ఉప్పాడ చాలా ఏళ్ళుగా కోతకి గురవుతోంది. గోడలు సగం మిగిలిన ఇళ్ళు, కింద మట్టి జారిపోయి గాల్లో వేలాడుతున్న మెట్లు. రాళ్ళు పోసినా, రోడ్డు వేసినా అల మళ్ళీ వచ్చి తీసుకుపోతూనే ఉంది. నది తెచ్చిన ఒండ్రుతో పుట్టిన నేల ఇదంతా. ఎగువన ఆనకట్టలు కట్టాక కిందికొచ్చే ఒండ్రు బాగా తగ్గింది. సముద్రం మాత్రం తన పని తగ్గించుకోలేదు.

రాళ్ళ దగ్గర ఒక తాబేలు చచ్చి పడుంది, ఆలివ్ రిడ్లే. జనవరి నుంచి మార్చి దాకా ఇవి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికొస్తాయి. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవి, వలలో చిక్కుకుంటే లోపలే చచ్చిపోతుంది. అమ్మ చెప్పులు విప్పి దండం పెట్టింది. కూర్మావతారం కదా అని. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మూడో రోజు: చొల్లంగి అమావాస్య

తెల్లారకముందే కాకినాడ నుంచి చొల్లంగి. దూరం తక్కువే కానీ ఆటోలు, ట్రాక్టర్లు, నడిచి వెళ్ళేవాళ్ళు. సంగమేశ్వరస్వామి గుడి దగ్గర జనం విపరీతంగా ఉన్నారు. అమ్మని ఎలా దింపాలా అని నాకు టెన్షన్.

ఒక పెద్దావిడ, మత్స్యకార కుటుంబంలా ఉంది, అమ్మ రెక్క పట్టుకుంది. "పోటెక్కుతోందమ్మా, ఇక్కడే ముణుగు, లోనికెళ్ళకు" అంది. అమావాస్యకీ పున్నమికీ చంద్రుడూ సూర్యుడూ ఒకే వరసలోకి వచ్చి నీటిని లాగుతాయి కాబట్టి పోటు పెద్దదవుతుందని మనం చదువుకున్నాం. ఆవిడకి అది కాళ్ళకింద ఇసక చెప్పింది. ఏటి నీరు సముద్రం వైపు పోవాల్సింది, ఆ పొద్దున వెనక్కి, గుడి వైపు నడిచొస్తోంది. సంగమంలో స్నానానికి అమావాస్యనే ఎందుకు ఎంచుకున్నారో నాకు అక్కడ నడుంలోతు నీళ్ళలో నిలబడ్డాక అర్థమైనట్టనిపించింది. సముద్రమే లోపలికొచ్చి ఏటిని కలుసుకునే రోజు అది. ఇది నా ఊహే, ఏ పురాణంలోనూ చదివింది కాదు.

అమ్మ మూడు మునకలు వేసింది. నాలుగోది అమ్మమ్మ పేరుతో.

నాలుగో రోజు: కోరంగి

ఈ రోజు గురించి ఎంత రాసినా తక్కువే.

1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలోనే లోపలికి తిరగాలి. మొదట చెక్కవంతెన మీద నడక. రెండు పక్కలా చెట్లు, కింద నల్లటి బురద. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి మడచెట్టు శ్వాస వేళ్ళు. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు తన వేళ్ళని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది.

మేం వెళ్ళేసరికి పదకొండు దాటింది. పడవ నడిపే ఆయన నీళ్ళ వైపు చూసి, "పాటు మొదలైందండి, నీరు దిగుతోంది. రోజూ ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరుగుతుందండి పోటు. నిన్న చొల్లంగిలో ఎప్పుడు చూశారో, ఇవాళ దానికి అంత ఆలస్యం. ఆయ్, పాటులో వెళ్తేనే మంచిదిలెండి, వేళ్ళన్నీ కనపడతాయి" అన్నాడు.

నిజమే. నీరు దిగేకొద్దీ అడవి పైకి లేచినట్టుంది. ఉప్పు పొన్న చెట్లు పందిరి గుంజల్లాంటి వేళ్ళ మీద నిలబడ్డాయి. వాటి కొమ్మలకి ములక్కాడల్లా పచ్చటి కాడలు వేలాడుతున్నాయి. కాయలు కావవి, మొలకలు. ఉప్పునీటిలో, బురదలో విత్తనం పడితే బతకడం కష్టమని ఈ చెట్టు విత్తనాన్ని తన ఒంటి మీదే మొలకెత్తించి, కాస్త పెరిగాక వదులుతుంది. పాటులో పడితే బురదలో నిలువుగా గుచ్చుకుంటుంది. పోటులో పడితే తేలుకుంటూ ఇంకోచోటికి పోయి నాటుకుంటుంది. కడుపులో పెట్టుకుని పెంచి పంపడం అంటే ఇదేనంది అమ్మ.

పడవాయన ఒక తెల్లమడ కొమ్మని దగ్గరికి వంచి, "ఆకు అడుగున నాలిక పెట్టి చూడండి" అన్నాడు. ఉప్పు! సన్నటి పొడిలా ఆకు మీద పేరుకుని ఉంది. తాగిన ఉప్పునీటిలో ఉప్పుని ఆకుల్లోంచి బయటికి తోసేస్తుందట. అమ్మ కూడా చూసి, పచ్చి చింతచిగురు తిన్నట్టు మొహం పెట్టింది. ఇంకో చెట్టు దగ్గర మాత్రం పడవని దూరంగా పోనిచ్చాడు. అది తిల్ల. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఇక్కడి వాళ్ళు దాని కొమ్మ విరవరు.

బురద మీద ఒక డెక్క మాత్రం ఒంటికంత పెద్దదున్న ఎర్ర పీతలు గుంపులుగా ఆ డెక్కల్ని ఊపుతున్నాయి. మగవి అలా ఆడవాటిని పిలుస్తాయి. బురదలోనే రెక్కల మీద గెంతుతూ తిరిగే చిన్న చేపలు ఉన్నాయి. నీళ్ళలో కంటే బయటే హాయిగా ఉన్నట్టున్నాయి. తడి బురదలో పిల్లి అడుగులు చూపించాడు. బావురుపిల్లి, నీటిపిల్లి అని కూడా అంటారు. నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి. కోరంగిలో వందకు పైగా ఉన్నాయని అటవీశాఖ లెక్క. "మేం రాత్రి వల దగ్గర ఉంటే కళ్ళు మెరుస్తాయండి. మాకు తగిలినన్ని దానికీ తగలాలి కదండి" అన్నాడాయన. నీటికుక్కలు కూడా ఉంటాయట, మాకు కనపడలేదు.

ఒకచోట లోతు తక్కువై ఇంజను ఆపేసి గెడ వేశాడు. ఆ నిశ్శబ్దంలో నీరు వేళ్ళ మధ్య నుంచి జారే చప్పుడు వినిపించింది.

ఈ నిశ్శబ్దం ఒకప్పుడు లేదు. కోరంగి పెద్ద ఓడరేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇక్కణ్ణుంచి బర్మాకి వెళ్ళిన తెలుగువాళ్ళని రంగూన్‌లో 'కోరంగీలు' అనే పిలిచేవారు. మారిషస్‌లోనూ మనవాళ్ళకి ఈ ఊరి పేరే అంటుకుంది. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన మూడు పెద్ద అలలుగా ఊరి మీద పడింది. 1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రేవు కోలుకోలేదు. తుఫానుకి ఇంగ్లీషులో 'సైక్లోన్' అన్న మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెన గురించి కూడా రాశాడు. ఆయన ఆ మాట కనిపెట్టక ముందే మనకి ఉప్పెన అన్న మాట ఉంది. మాట పుట్టాలంటే ఎన్నిసార్లు మునిగి ఉండాలి.

కాకినాడ వైపు సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్ కనిపిస్తుంది. పదహారు కిలోమీటర్ల పొడవున్న ఇసకతిన్నె. గోదావరి ఒండ్రు, సముద్రపు నీటివాలు కలిసి రెండు వందల ఏళ్ళలోపే దాన్ని పేర్చాయి. కాకినాడ రేవుకి అదే గోడ. తాబేళ్ళు గుడ్లు పెట్టేది కూడా ఆ ఇసకలోనే. ఒక్కో గుంటలో వందకు పైగా గుడ్లు ఉంటాయి. ఇసక వేడిని బట్టి పిల్ల మగదో ఆడదో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ.

తిరిగొచ్చేటప్పుడు పడవాయన్ని 1996 గురించి అడిగాను. చాలాసేపు చెప్పలేదు. తర్వాత, "భైరవపాలెం, బలుసుతిప్ప వాళ్ళు ఆ రోజు సముద్రంలో ఉన్నారండి" అని ఆగిపోయాడు. మళ్ళీ తనే, "మడ దట్టంగా ఉన్నచోట నీరు మెల్లగా వచ్చిందండి. అప్పటినుంచి మడ నరికేవాణ్ణి మా ఊళ్ళో ఊరుకోరు" అన్నాడు. అడవి అంచునే రొయ్యల చెరువులు మెరుస్తున్నాయి. చెరువుల వెంట నేలలోకి ఉప్పు దిగుతుంది. ఆ ఉప్పుని తోసేసే ఆకు వరికి లేదు, కొబ్బరికీ లేదు.

ఐదో రోజు: యానాం

మంగళవారం కావడం మా అదృష్టం, ఆరోజే యానాం సంత. ఫ్రెంచివాళ్ళ కాలం నుంచి పేరున్న సంత. చుట్టూ ఆంధ్ర, మధ్యలో 30 చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి ముక్క. 1954 జూన్‌లో ఫ్రెంచి పాలన పోయింది. ఇప్పటికీ పోలీసుల తలల మీద ఎర్ర టోపీలు.

అమ్మకి యానాం అంటే తన నాయనమ్మ పెళ్ళి. శారదా చట్టం వచ్చాక బ్రిటిషు ఇండియాలో చిన్నపిల్లల పెళ్ళిళ్ళు నేరం. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు. అందుకని చుట్టుపక్కల కుటుంబాలు పడవల్లో గోదారి దాటి యానాం వచ్చి పెళ్ళిళ్ళు చేసేవారు. "తొమ్మిదేళ్ళట. పడవలో నిద్రపోతే ఎత్తుకుని దింపారట" అంది అమ్మ ఏటిగట్టు మీద నిలబడి. ఎక్కడ దిగి ఉంటారో అని అటూ ఇటూ చూసింది.

సంతలో చీరమీను అడిగాను. నవ్వారు. అది దసరా వెళ్ళాక, తూర్పుగాలి తిరిగినప్పుడు వస్తుంది. అగ్గిపుల్లంత కూడా లేని చేపపిల్లల్ని చీరలతో పట్టి సేర్లతో కొలిచి అమ్ముతారు. పులసైతే వరదల్లో రావాలి. సముద్రంలో అదే చేప ఇలస, వరదనీటికి ఎదురీది గోదారిలోకొస్తే పులస. మాకు పండుగప్ప దొరికింది. అమ్మ అమావాస్య నుంచి నీసు ముట్టనంది కాబట్టి ఆవపెట్టిన పనసపొట్టు కూరతో భోంచేసింది. ఆ కూర నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఆరో రోజు: అంతర్వేది

అమలాపురం మీదుగా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి. భీష్మ ఏకాదశి ఇంకా వారం ఉంది, రథం పనులు సాగుతున్నాయి. అవతల నరసాపురం నుంచి వచ్చేవాళ్ళకి వశిష్ఠ దాటడానికి దగ్గరి దారి ఇప్పటికీ పంటే, అంటే బళ్ళనీ మనుషుల్నీ దాటించే పెద్ద పడవే. మేం సఖినేటిపల్లి రేవులో కాసేపు ఆగి చూశాం. బళ్ళు, మనుషులు, కోళ్ళ బుట్టలు, ఒక పెళ్ళివారి మినీవ్యాను, అన్నీ కలిసే పంటు దిగాయి.

లక్ష్మీనరసింహస్వామి గుడి పడమటి ముఖంగా ఉంటుంది. ఇప్పుడున్న గుడిని 1823లో పూర్తిచేయించింది కోపనాతి కృష్ణమ్మ, మత్స్యకారుల కులమైన అగ్నికులక్షత్రియుడు. ఓడల మీద, పడవల మీద బతికిన మనుషులు కట్టుకున్న గుడి అని గుర్తుపెట్టుకుని చూస్తే, అక్కడి జనంలో చేపలవాళ్ళు దేవుడి దగ్గర ఎంత చనువుగా నిలబడతారో తెలుస్తుంది.

నాలుగున్నరకి అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గరికి నడిచాం. ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసక. అమావాస్య వెళ్ళి మూడు రోజులు. చొల్లంగిలో పొద్దున్న చూసిన పోటు రోజుకి ముప్పావుగంట పైచిలుకు జరుగుతూ వచ్చిందనుకుంటే, ఇది పాటు వేళ అవ్వాలి. వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకున్నాను. సరిపోయింది. ఏరు బయటికి పోతోంది. మట్టిరంగు నీరు, దాని అంచున నురగ గీత, అవతల నీలం. నీటిలో ఒక సరుగుడు కొమ్మ తేలుతూ ఆ గీత దగ్గరికొచ్చి ఆగి, ఒకసారి తిరిగి, అవతలికి వెళ్ళిపోయింది.

అమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసింది. చొల్లంగిలో నాకు చెప్పకుండా పట్టుకున్న నీళ్ళు. మూత తీసి ఆ మట్టిరంగు నీళ్ళలో కొంచెంకొంచెంగా పోసింది. సీసా కడిగి, ఇక్కడి నీళ్ళు మళ్ళీ నింపింది.

"ఇవి మావయ్య పెరట్లో పోద్దాం. మా అమ్మ నాటిన పనసచెట్టుంది కదా" అంది.

ఉప్పు నీళ్ళు చెట్టుకి పోస్తే ఎలా అన్నాను.

"ఒక్క సీసానే కదరా. అదీ ఇక్కడి చెట్టే" అని చీర కొంగుతో సీసా తుడుచుకుంది.